చెంగల్వ తెచ్చిన నిప్పు

ఉత్తరాన మంచుకొండల నడుమ శీతలగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. అక్కడి చలి ఎంతటిదంటే, తోమి బోర్లించిన చెంబు తెల్లారేసరికి నేలకు అతుక్కుపోయేది. చెకుముకి రాళ్ళు అరచేతులు బొబ్బలెక్కేలా కొట్టినా ఒక్క రవ్వ కూడా పుట్టేది కాదు. అందుకని రాజ్యం మొత్తానికీ ఒకటే నిప్పు. ఎన్నో తరాల కిందట ఎవరో ధైర్యశాలి అగ్గికొండ మీద నుంచి ఆ నిప్పు తెచ్చి, కోట పక్కన రాతి ఇల్లు కట్టి అందులో నిలిపాడట. దానిని అందరూ నిప్పులిల్లు అనేవారు. ఉదయాన్నే జనం మూకుళ్ళు పట్టుకుని అక్కడికి వచ్చి, తలా రెండు కణికలు తీసుకువెళ్ళి పొయ్యిలు ముట్టించుకునేవారు. నిప్పులింటి నిప్పు ఆరిందంటే రాజ్యంలోని పొయ్యిలన్నీ ఆరిపోతాయి. అది ఆ నిప్పు మహిమ.

ఆ నిప్పును కాపాడేవాడు బయ్యన్న. అతనికి చెంగల్వ అని పదమూడేళ్ళ కూతురుంది. పొగకు తండ్రి చూపు మందగించడంతో, రెండేళ్ళుగా సాయంత్రం పని చెంగల్వే చేస్తున్నది. కణికలను గుంటలోకి పోగుచేయాలి, పైన పిడకలు పరచాలి, ఆ పైన చేటెడు మెత్తని నివురు కప్పాలి. అలా కప్పిన నిప్పు లోలోపల బతికి ఉంటుంది. కప్పకపోతే తెల్లారేసరికి బొగ్గవుతుంది. అందుకే బయ్యన్న అన్నానికి కూర్చునే ముందు రోజూ ఒకటే ప్రశ్న వేసేవాడు.

"నివురు కప్పావా, తల్లీ?"

"కప్పాను నాన్నా!" అనేది చెంగల్వ. ఆ మాట పడ్డాకే అతను కంచంలో చెయ్యి పెట్టేవాడు.

ఇదంతా బాగానే ఉండేది. మూడేళ్ళ కిందట ఒక పిట్టలమ్మేవాడు వచ్చాడు. బాన పొట్ట, చిన్న చిన్న కళ్ళు. ఇంటింటికీ ఒక గోరువంకను ఇచ్చి, కాసు కూడా పుచ్చుకోకుండా వెళ్ళిపోయాడు. ఊరికే వస్తున్నదంటే ఎవరు వద్దంటారు? ఆ గోరువంకలు మామూలువి కావు. రాజ్యంలో ఒక గోరువంక చూసినది మరుక్షణంలో అన్ని గోరువంకలూ చెప్పేవి. మొదట్లో అవి, "కొండ మీద మబ్బు పట్టింది! సాంబడి మేక తప్పిపోయింది!" అని పనికొచ్చే కబుర్లే చెప్పాయి. రానురాను వాటికి ఇంకో మాట అలవాటయింది.

"ఎవరిది తప్పు? ఎవరిది తప్పు?"

ఎవరో ఒకరి పేరు చెప్పేదాకా అవి ఊరుకునేవి కావు. చెప్పాక ఆ పేరునే పొద్దస్తమానం జపించేవి. జనానికి కూడా అది రుచి మరిగింది. పాలు ఒలికితే గేదెది తప్పు, పిల్లవాడికి చదువు రాకపోతే పలకది తప్పు. ఒకసారి వాగు మీద వంతెన కూలింది. రాజు మణికంధరుడు మంత్రిది తప్పన్నాడు, మంత్రి వడ్రంగిది తప్పన్నాడు, వడ్రంగి కలప ఇచ్చిన చెట్టుది తప్పన్నాడు. చెట్టు ఏమీ అనలేదు గనక శిక్ష చెట్టుకే పడింది. దాన్ని మొదలంటా నరికేశారు. వంతెన మాత్రం ఎవరూ కట్టలేదు. ఇలాంటి తెలివితేటలకు నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి!

ఆ చెట్టును నరికిన సాయంత్రం గోరువంకలు గొంతులు చించుకుంటున్నాయి. చెంగల్వ కణికలు పోగుచేసింది, పిడకలు పరిచింది, చేట నిండా నివురు ఎత్తింది. అంతలో కిటికీలోని గోరువంక, "వడ్రంగి భార్య ఏమన్నదో తెలుసా?" అని అరిచింది. "ఒక్క మాట విని వస్తా" అనుకుని చెంగల్వ చేటతో సహా కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఒక్క మాట పది మాటలయింది. లోపలినుంచి తండ్రి పిలిచాడు.

"నివురు కప్పావా, తల్లీ?"

"కప్పాను నాన్నా!" అన్నది చెంగల్వ, చెవులు గోరువంక దగ్గరే ఉంచి. చేటను కిటికీ కింద పెట్టి అన్నానికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం నిప్పుల గుంటలో నల్లని బొగ్గులున్నాయి. కిటికీ కింద చేటెడు నివురు అలాగే ఉన్నది.  తండ్రి వచ్చేలోపల చెంగల్వ ఆ చేటను మూలకు తోసి, పైన గోనె కప్పింది.

జాము పొద్దెక్కినా రాజ్యంలో ఒక్క పొయ్యీ వెలగలేదు. కంసాలి కొలిమి చల్లారింది. పసిపిల్లలు చలికి ఏడుస్తున్నారు. గోరువంకలు ఎత్తుకున్నాయి. "ఎవరిది తప్పు? నిన్న చివరగా కణికలకు వచ్చింది ఎవరు? కుమ్మరి ఓబులవ్వ! ఓబులవ్వది తప్పు!" ముసలిది కుండలు కాల్చే ఆవం ముట్టించుకోవడానికి పొద్దుగూకే ముందు కణికలు తీసుకువెళ్ళిన మాట నిజమే. ఇంక అడిగేదేముంది? భటులు ఆమెను పట్టుకుపోయారు. పదో రోజు ఉదయం ఆమెను మంచుకనుమ దాటించి వెళ్ళగొట్టాలని రాజు తీర్పు చెప్పాడు. డెబ్భై ఏళ్ళ మనిషి ఆ కనుమలో ఒక పూట కూడా బతకదు.

చెంగల్వ ఆ సభలోనే ఉన్నది. నోరు తెరిచింది, మాట రాలేదు. అన్ని వందల గోరువంకలు తన పేరు అరిస్తే ఎలా ఉంటుందో తలచుకుంటేనే ఆ పిల్లకు ఒళ్ళు వణికింది. నేను మాత్రం ఆమెను కోప్పడను. ఆ చోట మీరుంటే ఏం చేసేవారో, నేనుంటే ఏం చేసేవాణ్ణో ఎవరికి తెలుసు? కాని ఆ రోజంతా ఆమెకు మెతుకు దిగలేదు. మర్నాడు పొద్దున్నే చెరసాల దగ్గరికి వెళ్ళి, ఊచలు పట్టుకుని భోరుమన్నది.

"అవ్వా, నువ్వు కాదు. నేనే నివురు కప్పలేదు. నాన్నతో కప్పానని అబద్ధం కూడా చెప్పాను."

ఓబులవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వటే? నేనింకా నా మూకుడే ఏ కణికనైనా తన్నిందేమో అని నిన్నటి నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా."

"ఇప్పుడే కావలివాడికి చెప్పాను అవ్వా. వాడు వినలేదు. తీర్పు అయిపోయిందిగా, ఇవాళ గోరువంకలు చలికి ఎవరిది తప్పో చెబుతున్నాయి, అడ్డం లే అన్నాడు."

"అంటాడు మరి. ఏడవకే. నీ ఏడుపుతో పొయ్యి వెలుగుతుందా?" అన్నది ఓబులవ్వ. "మొదటి నిప్పు ఎక్కడినుంచి వచ్చిందో మళ్ళీ అక్కడినుంచే తేవాలి. మా ఇంటి అటక మీద చిన్న పిడత ఉంది. నా చేత్తో చేసిందే. ఎంత వేడికైనా పగలదు. అది పట్టుకుని అగ్గికొండకు పో. ఎనిమిది రోజులే ఉన్నాయి, తెలుసుగా?"

తన ప్రాణం మీదికి తెచ్చిన పిల్లకు తన పిడతనే ఇచ్చింది ఆ ముసలమ్మ! చెంగల్వ తండ్రికి జరిగిందంతా చెప్పింది.  బయ్యన్న గోనె కింది చేట బయటికి తీసి, అందులోని నివురును గుడ్డలో మూటకట్టి కూతురి చేతికిచ్చాడు. "నిప్పు దొరికితే దారిలో రోజూ కప్పాలి కదా" అన్నాడు. 

చెంగల్వ బయలుదేరింది. పొలిమేర దాటగానే దట్టమైన అడవి. దాని మొదట్లో ఒక ముని చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాడు. చెంగల్వ దణ్ణం పెట్టి అగ్గికొండకు దారి అడిగింది. ఆయన ఒక చెవి దూది తీసి, మళ్ళీ అడిగించుకుని, ఎదురుగా ఉన్న బాట చూపించాడు.

బాట తిన్ననిదే. వంద అడుగులు నడిచేసరికి చెంగల్వ కాలికి రాయి తగిలి బోర్లాపడింది. "పాడు రాయి! దారికి అడ్డంగా పడి ఉంది" అన్నది. లేచి చూస్తే ఎదురుగా ముని! బయలుదేరిన చోటే ఉన్నది. మళ్ళీ నడిచింది. ఈసారి ముళ్ళకంప పరికిణీ పట్టుకుని చించింది. "దిక్కుమాలిన కంప!" అన్నది. మళ్ళీ ముని ముందే తేలింది. పొద్దు వాలేదాకా అలాగే తిరిగింది. ఒక రోజు దండగైంది.

"స్వామీ, మీరు నాకు తప్పుదారి చూపించారు!" అన్నది ఉక్రోషంగా. ఆ మాట అంటూండగానే ఆమె కాళ్ళు తమంతట తాము పది అడుగులు వెనక్కి నడిచాయి. పొలిమేర దాటి మళ్ళీ శీతలగిరిలో పడింది.

ముని పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిచ్చిపిల్లా! ఈ అడవి తీరే అంత. ఇక్కడ ఇంకొకరి మీద నింద వేస్తే కాళ్ళు వెనక్కి నడుస్తాయి. మీ ఊరి నుంచి వచ్చినవాళ్ళెవరూ మూడేళ్ళుగా నన్ను దాటి పోలేదు. అందరూ నన్ను తిట్టి వెనక్కి పోయినవాళ్ళే."

చెంగల్వ సిగ్గుపడింది. మర్నాడు ఉదయం మళ్ళీ నడిచింది. అదే రాయి తగిలింది, అదే బొటనవేలు చిట్లింది. కళ్ళనీళ్ళు ఆపుకుని, "కింద చూసి నడవలేదు. నాదే పొరపాటు" అన్నది. కాళ్ళు ముందుకే సాగాయి. తమాషా ఏమిటంటే, కింద చూసి నడవడం మొదలుపెట్టాక రాళ్ళు తగలడమూ తగ్గింది. సాయంత్రానికి అడవి దాటేసింది.

అడవి అవతల నిలువెత్తు కొండచరియ. పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా లేదు. దాని కింద తాటిచెట్టంత పొడుగున్న ఉడుము ఒకటి ఎండ కాచుకుంటున్నది.

"ఉడుము మామా, నన్ను పైకి తీసుకుపోతావా?" అని అడిగింది చెంగల్వ.

"తీసుకుపోతాను. పైకి ఒకటిన్నర రోజు ప్రయాణం. నా వీపు మీద కుదురుగా కూర్చోవాలి, నన్ను చీకాకు పెట్టకూడదు. నాకు కోపమెక్కువ" అన్నది ఉడుము.

అది గోళ్ళు దిగేసి ఎక్కుతుంటే చెంగల్వ దాని మెడ కావలించుకుని కూర్చున్నది. కొండచరియ చీలికల్లో ఒక కోతి తిరుగుతూ, పళ్ళు ఇకిలిస్తూ, చిన్న చిన్న గులకరాళ్ళు కిందికి విసురుతున్నది. రెండో రోజు మధ్యాహ్నం, ఇంకాసేపట్లో కొండ కొమ్ము అందుతుందనగా, చెంగల్వ నడుముకు కట్టుకున్న మూట ముడి వదులైంది. గుప్పెడు నివురు గాలికి ఎగిరి ఉడుము కంట్లో పడింది. అది అదిరిపడి రెండు కాళ్ళ పట్టు వదిలేసింది. కిందికి చూస్తే చెట్లు గరికపోచల్లా ఉన్నాయి.

"ఎవరది? ఎవరు నా కంట్లో దుమ్ము కొట్టింది?" అని గర్జించింది ఉడుము. "ఆ కోతేనా? ఒక్క తోక దెబ్బతో దాన్ని లోయలోకి ఊడుస్తాను!"

కోతి బిక్కచచ్చిపోయి చీలికలో నక్కింది. చెంగల్వ ఏమీ అనకుండా ఉంటే చాలు. అవునని కూడా అననక్కరలేదు. ఉడుము తోక పైకి లేచింది. చీలికలో ఒదిగిన కోతిని చూస్తే చెంగల్వకు ఊచల వెనక ఓబులవ్వ గుర్తుకొచ్చింది.

"కోతి కాదు మామా! నేనే. నా మూట ముడి నేను సరిగ్గా వేయలేదు. కొట్టేటట్టయితే నన్నే కొట్టు. కాని కాస్త పైకి చేరాక కొట్టు, ఇక్కడైతే చచ్చిపోతాను" అన్నది.

ఉడుము తోక గాలిలోనే ఆగిపోయింది. తరవాత దాని ఒళ్ళంతా కుదిపేస్తూ నవ్వు వచ్చింది. "నూరేళ్ళ నుంచి ఈ కొండ ఎక్కిస్తున్నాను. నా వీపు మీద కూర్చుని తప్పు తనదే అన్నదాన్ని నిన్నే చూశాను. భయపడకు. దిగేటప్పుడు కూడా నేనే దింపుతాను" అన్నది. కోతి చీలికలోంచి బయటికి వచ్చి, జారిపోయిన మూటను బిగించి మూడు ముళ్ళు వేసి పెట్టింది. కోతి వేసిన ముళ్ళు ఎంత గట్టివో విప్పేటప్పుడు చెంగల్వకు తెలిసింది.

కొండ కొమ్మున ఒక గుహ. అందులో మూడు బండరాళ్ళ మధ్య మంట భగభగ మండుతున్నది. మంట పక్కన ఎర్రచీర కట్టుకుని, జుట్టంతా బూడిద రంగుగా ఉన్న ఒక ముసలమ్మ కూర్చుని చిదుగులు ఎగదోస్తున్నది. ఆమె అగ్గవ్వ. లోకంలోని నిప్పులన్నిటికీ తల్లి.

"మీ ఊరి నిప్పు ఆరినప్పుడు నా గుండెలో కలుక్కుమంది" అన్నది అగ్గవ్వ తలెత్తకుండానే. "ఎవరు ఆర్పారు?"

"నేను, అగ్గవ్వా. నివురు కప్పడం మరిచిపోయాను."

"మరిచిపోయేలా చేసింది ఎవరు?"

"ఎవరూ చేయలేదు. నేనే వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను."

అగ్గవ్వ ఆమెను దగ్గరికి పిలిచి, కందిపోయిన బుగ్గలు నిమిరింది. మంటలోంచి దానిమ్మ గింజ రంగులో ఉన్న ఒక కణిక తీసి ఓబులవ్వ పిడతలో వేసింది. "విను, బిడ్డా. రోజూ సాయంత్రం దీనికి నివురు కప్పు. ఇంకొక షరతు ఉంది. నీ పొరపాటును ఇంకొకరి మీదికి తోస్తే ఇది నల్లబడుతుంది. పూర్తిగా తోసేస్తే ఆరిపోతుంది, మళ్ళీ నా దగ్గర దొరకదు. మీ పొలిమేరలో గుటకాసురుడు అనే రాక్షసుడు కాసుకుని ఉంటాడు. మీకు గోరువంకలు ఇచ్చినవాడు వాడే. ఒకరి మీద ఒకరు వేసుకునే ప్రతి నిందా వాడికొక ముద్ద. మూడేళ్ళుగా మీరంతా కలిసి వాణ్ణి మేపుతున్నారు."

చెంగల్వ తిరుగుదారి పట్టింది. ఉడుము ఆమెను దింపింది, అడవిని ఆమె అడ్డులేకుండా దాటింది. రోజూ సాయంత్రం ఆమె కణికకు నివురు కప్పేది. కప్పాక వేలితో తడిమి చూసేది. నమ్మకం చాలక మళ్ళీ చూసేది. పదో రోజు తెల్లవారింది. పొలిమేర కనిపించింది. ఆ పొలిమేరకు అడ్డంగా, కొండంత పొట్ట ఒళ్ళో పెట్టుకుని, చిన్న చిన్న కళ్ళతో గుటకాసురుడు కూర్చుని ఉన్నాడు.

"రా తల్లీ రా! ఎంత అలిసిపోయావో పాపం" అన్నాడు వాడు తీయగా. "నాకు ఒక్క పేరు చెప్పు, దారి వదులుతాను. ఎవరి పేరైనా సరే. ఓబులవ్వ ఎలాగూ పోయేదే, ఆమె పేరు చెప్పు."

"చెప్పను. ఆమె చేసిందేమీ లేదు."

"పోనీ, మీ నాన్న? ముసలాయన తనే ఒకసారి తడిమి చూసుకోవచ్చుగా?"

"నాన్న నా మాట నమ్మాడు. నమ్మడం తప్పా?"

గుటకాసురుడు బుర్ర గోక్కున్నాడు. తరవాత వాడి కళ్ళు మెరిశాయి. "అయితే నా పేరే చెప్పు! నిజం చెప్పు తల్లీ, ఆ సాయంత్రం నీ చెవిలో అరిచింది నా గోరువంక కాదూ? అది అరవకపోతే నువ్వు నివురు కప్పేదానివి కాదూ? గుటకాసురుడిదే తప్పు అను. నేనేమీ అనుకోను!"

చెంగల్వ ఉలిక్కిపడింది. ఇది అబద్ధం కాదే! ఆ పక్షి అరిచిన మాట నిజమే కదా! "అవును, నీ గోరువంకే గనక ఆ రోజు..." అంటూ మొదలుపెట్టింది. పిడతలో కణిక ఒక పక్క నల్లబడింది. వాడి పొట్ట జానెడు ఉబ్బింది. చెంగల్వ గభాలున నోరు మూసుకుంది. ఆ నలుపు ఇంకా పాకుతూనే ఉంది. ఆమె పిడతను గుండెకు హత్తుకుని, ఆలోచించి, ఒక్కొక్క మాటే పలికింది.

"నీ పక్షి అరిచింది. అది నువ్వు చేసిన పని, అది నీది. విన్నది నేను. చేట కింద పెట్టింది ఈ చేతులు. కప్పానని చెప్పింది ఈ నోరు. నీది నీ దగ్గరే ఉంచుకో. నాది నాకు కావాలి."

కణిక భగ్గున ఎర్రబడింది. గుటకాసురుడికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఎక్కిలి ఎక్కిలికీ వాడి పొట్ట తరిగి, చివరకు మామూలు పిట్టలమ్మేవాడంత అయ్యాడు. "ఇక్కడ నాతో అనడం తేలికే. అక్కడ అందరి ముందూ అను చూద్దాం!" అని అరుస్తూ, తనను దాటి కోట వైపు పోతున్న ఆమె వెనకే పరుగెత్తాడు.

కోట ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. చేతులు కట్టేసిన ఓబులవ్వను కనుమ వైపు నడిపించబోతున్నారు. రాజు, మంత్రి ఎత్తు అరుగు మీద ఉన్నారు. చెట్ల మీద, గోడల మీద, కప్పుల మీద ఎటు చూసినా గోరువంకలే. చెంగల్వ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి అరుగెక్కింది. పిడత మూత తీసింది. ఎర్రని వెలుగు చూసి జనం ఆనందంతో కేకలు వేశారు.

"మహారాజా, నిప్పు తెచ్చాను. ఓబులవ్వను వదిలిపెట్టండి. నిప్పు ఆర్పింది నేను. ఆ సాయంత్రం నివురు కప్పలేదు. చేటను దాచిపెట్టి, అవ్వను పట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకున్నాను" అన్నది.

ఒక్క క్షణం ఆగి, గోరువంకలన్నీ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. "చెంగల్వది తప్పు! చెంగల్వది తప్పు! చెంగల్వది తప్పు!" ఆకాశం దద్దరిల్లింది. జనం కూడా అందుకున్నారు. ఎవరో మంచుగడ్డ విసిరారు. ఏ అరుపునైతే తలచుకుని తొమ్మిది రోజుల కిందట ఆమె నోరు మెదపలేదో, ఆ అరుపే ఇది.  అయినా ఆమె కదలలేదు. ఆ పిల్ల అలా నిలబడిన తీరు తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. కాస్త సందు దొరకగానే ఆమె తలెత్తి గోరువంకలతో అన్నది:

"అవును."

గోరువంకలు టక్కున ఆగిపోయాయి. కాదు అనేవాళ్ళతోనే వాటికి అలవాటు. ఫలానావాడు చేశాడు అనేవాళ్ళతో అలవాటు. అవును అన్నాక తరవాత ఏమనాలో వాటికి ఎవరూ నేర్పలేదు. మెడలు అటు ఇటు తిప్పి, ముక్కులు తెరిచి మూశాయి. మూడేళ్ళలో మొదటిసారి శీతలగిరి నిశ్శబ్దమైంది. వాగు పారుతున్న చప్పుడు వినిపించింది.

ఆ నిశ్శబ్దంలో వడ్రంగి దగ్గాడు. "వంతెనకు పచ్చి కలప వాడాను. ఆరనివ్వాల్సింది. చెట్టుది తప్పు కాదు, నాదే" అన్నాడు నేలచూపులు చూస్తూ. "తొందరపెట్టింది నేనే కదయ్యా" అన్నాడు మంత్రి మెల్లగా.  రాజు మణికంధరుడు అరుగు దిగి వచ్చి, ఓబులవ్వ కట్లను తన చేతులతోనే విప్పాడు.

"విచారణ చేయకుండా పక్షులు చెప్పిందే తీర్పు అన్నాను. నన్ను క్షమించు అవ్వా" అన్నాడు.

"చేతులు తిమ్మిరెక్కాయి నాయనా, ముందు ఆ నిప్పు ఇటు తెమ్మను, కాచుకుంటాను. క్షమించడం గిమించడం తరవాత చూద్దాం" అన్నది ఓబులవ్వ.

ఎక్కడివాళ్ళు అక్కడ తమ తప్పు తాము ఒప్పుకోవడం మొదలుపెట్టారు. జనం వెనక దాక్కున్న గుటకాసురుడు ఒక్కొక్క మాటకూ జానెడు జానెడు కుంచించుకుపోయి, బెత్తెడయ్యి, చీమంతయ్యి, చివరకు ఎవరి చెప్పు సందునో మాయమయ్యాడు. గోరువంకలు మామూలు గోరువంకలై, కిచకిచలాడుతూ అడవికి ఎగిరిపోయాయి. ఆ మధ్యాహ్నం శీతలగిరిలో ప్రతి ఇంటి కప్పు మీదా పొగ లేచింది.

రాజు చెంగల్వకు సగం రాజ్యం ఇస్తానన్నాడు. "నాకెందుకు మహారాజా? ఉన్న ఒక్క గుంటనే సరిగ్గా చూసుకోలేకపోయాను. దాన్నే మళ్ళీ నా చేతికిస్తే చాలు" అన్నది చెంగల్వ. రాజు ఆమె నడుముకు నిప్పులింటి తాళం కట్టి, ఆ ఇంట్లో ఆమె మాటే చెల్లుతుందని, రాజైనా అక్కడ ఆమె చెప్పినట్టు వినాలని శాసనం వేయించాడు. వడ్రంగి ఈసారి ఎండిన కలపతో వంతెన కట్టాడు. ఓబులవ్వ నిప్పులింటి పక్కనే ఆవం పెట్టుకుని, నిండా తొంభై ఏళ్ళు బతికింది. బతికినన్నాళ్ళూ చెంగల్వను రోజుకు ఒక్కసారైనా కసిరేది.

గోరువంకలన్నీ ఎగిరిపోయాయని చెప్పాను కదూ? ఒక్కటి పోలేదు. నిప్పులింటి కిటికీలోది. పాత మాటలన్నీ అది మరిచిపోయింది. రెండేళ్ళుగా రోజూ ఆ ఇంట్లో విన్న బయ్యన్న ప్రశ్న మాత్రం గుర్తుండిపోయింది. పొద్దు వాలగానే అది తల పక్కకు వంచి అడిగేది.

"నివురు కప్పావా, తల్లీ?"

చెంగల్వ వెంటనే జవాబు చెప్పేది కాదు. ఏ పనిలో ఉన్నా లేచి గుంట దగ్గరికి వెళ్ళి, వంగి, నివురు మీద అరచెయ్యి ఆనించి, అడుగున ఉన్న వెచ్చదనం చేతికి తగిలాకే, "కప్పాను" అనేది.